కరెంటు తీగ, అండపు తిత్తి

తలుపుల మండలం పొలాల్లో త్రీఫేజ్ కరెంటు వచ్చిందంటే రైతు కాళ్లు స్టార్టరు పెట్టె వైపే పోతాయి. ఆ కరెంటు సెకనుకు 50 సార్లు, అంటే 50 హెర్ట్జ్‌తో, ఊగుతుంది. దాంతోపాటే తీగ చుట్టూ కంటికి కనిపించని అయస్కాంత క్షేత్రమూ ఊగుతుంది. ఆడవాళ్ల సంతానశక్తి మీద దాని ప్రభావం ఉంటుందా? ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు.

2000లో ఇటలీలో సాండ్రా చెక్కోని బృందం ఈ సంగతినే పరీక్షించింది. చిట్టెలుక అండాశయం నుంచి ఫాలికల్స్ తీశారు. ఫాలికల్ అంటే అండాన్ని పొదువుకున్న కణాల తిత్తి. వాటిని ప్రయోగశాలలో ఐదు రోజులు పెంచారు. ఎదిగే ఫాలికల్ లోపల ద్రవం నిండిన చిన్న గది ఏర్పడాలి. 33, 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాల్లో పెరిగినవాటిలో, క్షేత్రం లేకుండా పెరిగినవాటికన్నా, ఆ గది తక్కువవాటికే ఏర్పడింది. దెబ్బ 33 హెర్ట్జ్ దగ్గరే ఎక్కువ. అండాలు పక్వమయ్యే శక్తీ తగ్గింది.

అలాగని బెంబేలు పడనక్కర్లేదు. అక్కడ వాడిన క్షేత్రం మన ఇళ్లలో మామూలుగా ఉండేదానికి వేల రెట్లు. పైగా అవి ఒంటి రక్షణ లేని ఎలుక కణాలు. గర్భం నిలవని ఇల్లాలిని ఈ ప్రయోగం చూపి భయపెట్టడం అన్యాయం.

భయపడటం కన్నా కొలిచి చూడటం మేలు. నంబులపూలకుంట సోలార్ పార్కు నుంచి వెళ్లే లైన్ల కింద క్షేత్రాన్ని ఎలా కొలవాలో ఈ సంచిక ముఖ్య వ్యాసం వివరిస్తుంది.