మధ్యతరగతి బండికి చమురా? విద్యుత్తా?

నిజామాబాదు పట్టణమున ఇద్దరు గృహస్థులు కలిసికొన్నచో పసుపు ధర, వడ్ల ధర ముగిసిన పిమ్మట ప్రస్తావనకు వచ్చునది చిన్నకారు. పూర్వము కారు కొనుటయా మానుటయా యనునదే విచారణీయాంశముగ నుండెడిది. నేడు ఏ శక్తిచే నడచు కారును కొనవలయునను చిక్కు వచ్చిపడినది. పెట్రోలు బండియా, పెట్రోలును విద్యుత్తును జోడించుకొని నడచు హైబ్రిడ్ బండియా, లేక కేవలము విద్యుత్తు బండియా? అమ్మువాడు తన సరకును పొగడును. కొన్న పొరుగువాడు తన కొనుగోలును సమర్థించుకొనును. కొనబోవువాడు మాత్రము పదియేండ్లు కూడబెట్టిన సొమ్మును ఒక్కనాడు ధారపోయవలసి యున్నాడు. కావున ఈ విషయమును డిచ్‌పల్లి, నిజామాబాదు, బోధను ప్రాంతముల జీవనమునకు అన్వయించి చర్చింపదలచితిమి.

ఒకే చిన్నకారును రెండు విధములైన యంత్రములతో అమ్ముట ఐరోపాఖండమున పరిపాటి యైనది. దృష్టాంతమునకు, ఇటలీలోని లాన్సియా సంస్థ 2024వ సంవత్సరమున ఇప్సిలాన్ అను బండిని ఇట్లే వెలువరించెను. విద్యుత్తు రకమున 51 యూనిట్ల బ్యాటరీ కలదు. ఒక్కసారి నింపినచో అక్కడి పరీక్షపద్ధతి ప్రకారము 403 కిలోమీటర్ల వరకు పోవునని ప్రకటించిరి. హైబ్రిడ్ రకమున మూడు సిలిండర్ల 1.2 లీటరు పెట్రోలు యంత్రమునకు తోడుగ 48 వోల్టుల చిన్న బ్యాటరీ, ఒక విద్యుత్తు మోటారు అమర్చబడినవి. బ్రేకు వేసినపుడు వ్యర్థమగు వేగమును ఈ మోటారు విద్యుత్తుగ మార్చి దాచును; బండి కదలునపుడు దానిని తిరిగి వెచ్చించును. దీనిని గోడకు తగిలించి నింపవలసిన పని లేదు. అనగా దాని ఆహారమంతయు పెట్రోలే. విద్యుత్తు ఆ పెట్రోలును పొదుపుగ తినిపించు ఉపాయము మాత్రమే.

ఆ బండి పొడవు 4.08 మీటర్లు. మన దేశపు పన్నులెక్కలో 4 మీటర్లు దాటిన బండికి చిన్నకారను గౌరవము దక్కదు. 2025 సెప్టెంబరు 22వ తేది మొదలుగ 4 మీటర్లకు లోబడి, 1200 సీసీకి మించని పెట్రోలు, పెట్రోలు హైబ్రిడ్ కార్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 పాళ్లకు తగ్గినది. ఆ హద్దు దాటిన పెట్రోలు బండికి 40 పాళ్లు. విద్యుత్తు బండికి 2019 ఆగస్టు నుండియు 5 పాళ్లే. ఎనిమిది సెంటీమీటర్ల ఇనుపరేకు కొనువాని జేబునుండి లక్షలు లాగునన్నమాట! కావున పరదేశపు బండి నిగనిగలను చూచి మురియుటకంటె మనకు అందుబాటులో నున్నవానిని తూచుట వివేకము.

మన దేశమున విద్యుత్తుకారు కొత్త వింత కాదు. బెంగుళూరున తయారైన రేవా అను బుల్లిబండి 2001లోనే అమ్మకమునకు వచ్చెను. కాని మధ్యతరగతివాడు దానివంక గట్టిగ చూచినది 2022 సెప్టెంబరులో టాటావారి టియాగో విద్యుత్తు రకము 8 లక్షల 49 వేల ప్రారంభధరతో వెలువడిన పిమ్మటనే. అందు 19.2 యూనిట్ల బ్యాటరీ యొకటి, 24 యూనిట్ల బ్యాటరీ యొకటి. ఇవి 250, 315 కిలోమీటర్లు పోవునని నాటి పరీక్షల లెక్క. ఎ.సి. వేసికొని, నలుగురిని కూర్చుండబెట్టుకొని పోవు గృహస్థుడు పెద్ద బ్యాటరీపై 200 కిలోమీటర్లు లెక్కవేసికొనుట క్షేమము. బ్యాటరీకి 8 యేండ్ల, లేక 1,60,000 కిలోమీటర్ల హామీ యిచ్చిరి. 2023లో సిట్రొయెన్ వారి ఇ.సి.3, ఎం.జి. వారి కామెట్ తోడైనవి. హైబ్రిడ్ విషయమున మన చిన్నకారువాని అదృష్టము ఇంతటిది కాదు. 2022లో వచ్చిన గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీ బండ్లు మంచి మైలేజీ గలవే. కాని అవి చిన్నకార్లును గావు, చిన్న వెల గలవియు గావు.

ఇక మన బాటల లెక్క చూతము. బోధనులో కాపురముండి నిజామాబాదు కచేరీకి వచ్చిపోవు వకీలు ఒకడున్నాడనుకొందము. రానుపోను ప్రయాణము, ఊరిలోని తిరుగుడు కలిపి దినమునకు 60 కిలోమీటర్లు. నెలకు 25 దినములు. మొత్తము 1,500 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 107 రూపాయలని, చిన్న పెట్రోలుకారు లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చునని యెంచినచో నెలకు సుమారు 8,900 రూపాయలు. లీటరుకు 25 కిలోమీటర్లు ఇచ్చు హైబ్రిడ్ బండి యున్నచో 6,400. విద్యుత్తు బండి నింపునపుడు పోవు నష్టమును గూడ కలిపి యూనిట్టుకు 7 కిలోమీటర్లని, ఇంటి బిల్లు పై శ్లాబులోనికి ఎక్కును గనుక యూనిట్టు 8 రూపాయలని గట్టిగనే వేసికొన్నను, సుమారు 1,700 రూపాయలే యగును. పెట్రోలుతో పోల్చినచో నెలకు 7,200, ఏడాదికి 86,000 మిగులును. విద్యుత్తు బండికి మొదట 3 లక్షలు ఎక్కువ పెట్టినను మూడున్నర యేండ్లలో తిరిగివచ్చును. తరువాతిది లాభము.

అదే లెక్కను నిజామాబాదులోనే యిల్లు, నిజామాబాదులోనే దుకాణము గల వర్తకునికి వర్తింపజేయుడు. దినమునకు 20 కిలోమీటర్లు; నెలకు 500. పెట్రోలుకు 2,970, విద్యుత్తునకు 570. మిగులు 2,400 మాత్రమే. ఆ 3 లక్షలు తిరిగిరావలెనన్న పదియేండ్లు దాటవలయును. అప్పటికి బ్యాటరీ హామీ గడువు ముగిసి రెండేండ్లు గడచి యుండును. తక్కువ తిరుగువాడు విద్యుత్తు బండిని కొన్నచో పొదుపు చేసితినని సంతసించును గాని వాని ఖాతా పుస్తకము మాత్రము ఆ సంతోషమున పాలుపంచుకొనదు. ఊరిలో మెల్లగ తిరుగువానికి విద్యుత్తు బండి, దూరము పోవువానికి పెట్రోలు బండి యని సామాన్యముగ చెప్పుమాట సగమే నిజము. దినదినము నిర్ణీతమైన దూరము విస్తారముగ తిరిగి రాత్రికి ఇల్లు చేరువానికే విద్యుత్తు నిజమైన మేలు చేయుచున్నది.

ఇల్లు చేరుట యన్నపుడు ఇంకొక ప్రశ్న పుట్టును. ఆ యింట బండిని నిలుపుకొను చోటున్నదా? తనదియైన మీటరున్నదా? సొంత యింటి వాకిట పదిహేను ఆంపియర్ల సాకెట్టు గలవానికి రాత్రి తగిలించిన బండి తెల్లవారుసరికి సిద్ధముగ నుండును. అద్దెయింటి మూడవ అంతస్తున నున్న ఉపాధ్యాయుడు తీగను ఎక్కడనుండి లాగును? ఇంటియజమాని అనుమతి యెట్లు సంపాదించును? అట్టివానికి బయటి చార్జరే దిక్కు. అక్కడ యూనిట్టు వెల ఇంటివెల కంటె అధికముగ నుండుటచే పై లెక్క తారుమారగును. అట్టి గృహస్థునికి చిన్న పెట్రోలుబండి గాని, చిన్న హైబ్రిడ్ వచ్చినచో అది గాని తగినదనుటకు మేము సంకోచింపము.

డిచ్‌పల్లి 44వ జాతీయరహదారిపై నున్నది. అక్కడినుండి హైదరాబాదు సుమారు 160 కిలోమీటర్లు. ఇందల్వాయి టోలు దాటి, ఎ.సి. వేసి, నూరు కిలోమీటర్ల వేగమున పోవునపుడు చిన్న బ్యాటరీ ఊరిలో కంటె త్వరగ కరగును. ఒక్క బిగువున రాజధాని చేరుట గుండె దిటవు గలవారి పని. నడుమ నొకచోట గంటసేపు ఆగుట వివేకుల పని. ఆగినచోట యంత్రము పనిచేయవలెను గదా! చార్జరు పాతి, పటము పెట్టి, ఛాయాచిత్రము తీయించుకొని, పిదప దానివంక తొంగిచూడని వ్యవస్థ యున్నంతకాలము ప్రజలకు విశ్వాసము కుదరదు. మన వేసవి మరియొక పరీక్ష. 45 డిగ్రీల యెండలో ఆరుబయట కాగిన బ్యాటరీ శీఘ్రముగ ముసలిదగును. నీడయు, ద్రవముతో చల్లార్చు ఏర్పాటును బండికి అలంకారములు గావు, అవసరములు. కొనువారు సీటు రంగుకంటె ముందు వీనినిగూర్చి విచారింపవలయును.

ఇంతవరకు వ్యక్తిలాభము. దేశలాభమును గూడ తూచుట మన ధర్మము. భారతదేశము తాను వాడు ముడిచమురులో 85 పాళ్లకు పైగా విదేశములనుండి కొనుచున్నది. ఈ సత్యము నిజామాబాదు జిల్లావారికి తగిలినట్లు మరెవ్వరికిని తగులదు. ఈ జిల్లాలో గల్ఫుదేశములకు మనిషిని పంపని పల్లె అరుదు. అక్కడి యెండలో చెమటోడ్చి మన యువకులు పంపిన డబ్బుతో ఇక్కడ కారు కొందుము. ఆ కారులో పోయు పెట్రోలు నిమిత్తము ఆ డబ్బులో కొంత తిరిగి ఆ దేశములకే పోవును! కష్టము మనది, కడపటి లాభము పరులది. బోధను వకీలు నెలకు పొదుపుచేయు 7,200 రూపాయలలో కొంతయైనను ఈ వలయమును తెంచును.

విద్యుత్తు బండి మాత్రము పూర్తిగ స్వదేశీయా యని ప్రతిపక్షులు అడుగుదురు. సహేతుకమైన ప్రశ్నయే. బ్యాటరీ కణములలో నధికభాగము చీనానుండి వచ్చుచున్నది. చమురుకై ఒకరి గుమ్మము విడిచి, బ్యాటరీకై వేరొకరి గుమ్మమున నిలిచినచో అది స్వాతంత్ర్యము కాదు. అయినను భేదమొకటి కలదు. చమురు దినదినము కొనవలసినది. బ్యాటరీ ఒక్కసారి కొన్నచో యేండ్ల తరబడి పనిచేయును. పైగా దానిని ఇచట తయారుచేయు యత్నములు ఆరంభమైనవి. తెలుగువారి సంస్థయగు అమరరాజా 2022 డిసెంబరులో మన ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, మహబూబునగరు సమీపమున దివిటిపల్లిలో 9,500 కోట్ల రూపాయల బ్యాటరీ కర్మాగారమునకు 2023 మే మాసమున శంకుస్థాపన గావించెను. అట్టివి ఫలించుటయే స్వదేశీకి నిజమైన పరీక్ష.

విద్యుత్తు బొగ్గునుండి పుట్టుచున్నది గదా యనునది రెండవ ఆక్షేపణ. నిజమే. రామగుండమున ఎన్.టి.పి.సి. వారి 2,600 మెగావాట్ల కేంద్రము బొగ్గుతోనే నడచుచున్నది. కాని పెట్రోలు యంత్రము తాను తాగిన చమురులో సగమునకు పైగా వేడిరూపమున గాలికి వదలును. విద్యుత్తు మోటారు అంతటి దుబారా చేయదు. ఇంటిపైని సూర్యఫలకములు పెట్టుకొన్నవానికి ఈ ఆక్షేపణ యింకను బలహీనమగును. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన కేంద్రప్రభుత్వ పథకము క్రింద 3 కిలోవాట్ల ఫలకములకు 78,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది. మన యెండ మనకు శాపమని తిట్టుకొనుటయేల? దానిచేత బండి తోలించుకొనరాదా?

హైబ్రిడ్ పక్షమున బోధనువారు చెప్పదగిన వాదమొకటి కలదు. పెట్రోలులో ఇప్పుడు 20 పాళ్లవరకు ఇథనాలు కలుపుచున్నారు. ఇథనాలు చెరకునుండి వచ్చును. మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీటితో చెరకు పండించి, 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారమునకు తోలిన సీమ యిది. పొదుపుగ తాగు హైబ్రిడ్ బండిలో మన చెరకు సారము పోసినచో రైతునకు ధర, దేశమునకు ఆదా గదా! వాదము రమ్యముగ నున్నది. కాని శక్కర్‌నగరపు పొగగొట్టము 2015 డిసెంబరునుండి చల్లబడి యున్నది. ఇథనాలు ఎక్కడిదో వచ్చుచున్నది; దానిలో పెట్రోలు కంటె శక్తి మూడవవంతు తక్కువ గనుక మైలేజీ కొంత తగ్గుచున్నది; తగ్గిన మైలేజీ భారము మాత్రము బోధనువానిమీద పడుచున్నది. కర్మాగారము తెరచిననాడు ఈ వాదమును ఆదరముతో వినుటకు సిద్ధముగ నున్నాము.

ప్రభుత్వమువారితో ఒకటి రెండు మాటలు. 2024 నవంబరు 18వ తేదినుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్తు బండ్లకు రోడ్డుపన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించుచు ఉత్తర్వు వెలువరించిరి. ఉద్దేశము శ్లాఘనీయము. అయితే యాభై లక్షల బండి కొను ధనికుడును, ఎనిమిది లక్షల బండి కొను గుమాస్తాయును సమానముగ మినహాయింపు పొందుట న్యాయమా? ధనికునికి మిగిలినది గుమాస్తా బండి ధరలో సగమునకు పైబడి యుండవచ్చును! మినహాయింపునకు ధర యొక్క హద్దు విధించి, అందువలన వచ్చు సొమ్మును జిల్లాలలో చార్జర్లకు వెచ్చించినచో మేలు. తెలంగాణ విశ్వవిద్యాలయము గల డిచ్‌పల్లి కూడలిలో, బోధను బస్సుస్టాండులో, నిజామాబాదు కచేరీల యెదుట, చెడిపోయినచో నలుబదియెనిమిది గంటలలో బాగుచేయు పూచీతో చార్జర్లు నిలుపవలయును. అద్దెయిండ్లవారికి యజమాని అడ్డుచెప్పకుండ మీటరు పొందు నియమము చేయవలయును. కారు కొనలేని అధికసంఖ్యాకులను గూడ మరువరాదు. 1932లో 27 బస్సులతో ఆరంభమైన రోడ్డురవాణా నేటికిని వారి వాహనము. విద్యుత్తు శక్తి ముందుగ చేరవలసినది ఆ బస్సులకే.

మా అభిప్రాయమును సంగ్రహముగ విన్నవించుచున్నాము. సొంత యిల్లు, సొంత మీటరు కలిగి, దినమునకు 40 కిలోమీటర్లకు మించి తిరుగువారు విద్యుత్తు చిన్నకారును నిస్సంకోచముగ కొనవచ్చును. తక్కువ తిరుగువారు, అద్దెయిండ్లవారు, తరచుగ హైదరాబాదునకును అవతలికిని పోవువారు వేచియుండుట మేలు. 4 మీటర్లలోపు నిజమైన హైబ్రిడ్ బండి వెల లక్షన్నరకు మించని హెచ్చుతో లభించినచో పరిశీలింపవచ్చును. అప్పుచేసి ఆడంబరమునకు కొనువారికి మాత్రము ఏ యంత్రమును మేలు చేయజాలదు. పాఠకమహాశయులు దుకాణమునకు పోవుటకు పూర్వము ఒక నెలపాటు తాము తిరుగు దూరమును కాగితముపై వ్రాసికొందురు గాక. వ్రాసికొనిన పిమ్మట అమ్మువాని మాటను గాక ఆ కాగితమును నమ్ముదురు గాక.