కోకాపేటలో అద్దె ఇల్లు: జాబితాలో లేని ప్రశ్న

మా చిన్నమ్మ కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2020 లాక్‌డౌన్‌లో లాప్‌టాప్ చంకన పెట్టుకుని సూర్యాపేట వెళ్లినవాడు అక్కడే ఉండిపోయాడు. పెళ్లయింది, పాప పుట్టింది. ఇప్పుడు కంపెనీ వారానికి రెండు రోజులు ఆఫీసుకు రమ్మంటోంది, మిగతా రోజులు ఎక్కడ కూర్చుని పని చేసినా అభ్యంతరం లేదంటోంది. "కోకాపేటకు మారితే ఎట్లుంటదక్కా?" అని అడిగాడు. అడగడమే కాదు, ఒక జాబితా కూడా పంపాడు. నెట్ స్పీడు, జనరేటర్, ఆఫీసు దూరం, నీళ్లు, పాపకు స్కూలు, అద్దె, మెయింటెనెన్స్. అన్నిటికీ పదికి ఇన్ని అని మార్కులు వేసుకున్నాడు.

ఆ జాబితా వరకు చెప్పాల్సింది పెద్దగా లేదు. నెట్ బాగుంటుంది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసులు దగ్గరే, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే. మెట్రో మాత్రం రాయదుర్గంలోనే ఆగిపోయింది. కోకాపేట నియోపోలిస్ దాకా పొడిగించే ప్రతిపాదన ఉంది కానీ ఇవాళ ఇల్లు తీసుకునేవాడు ప్రతిపాదన ఎక్కి ఆఫీసుకు పోలేడు. ఎండాకాలంలో ఆకాశమంత అపార్ట్‌మెంట్లకు ట్యాంకర్లు క్యూ కడతాయి, ఆ ఖర్చు మెయింటెనెన్స్ బిల్లులో తేలుతుంది. ఇవన్నీ ఏ బ్రోకర్ అయినా చెప్తాడు.

మావాడి జాబితాలో లేనిది ఒకటుంది. మనకు ఇల్లు ఇస్తారా? తెలియక వదిలేశాడని అనుకోను. మార్కులు ఎలా వేయాలో తెలియక వదిలేసి ఉంటాడు.

ఒక ఆదివారం నేనే ఫోన్లు చేశాను. ఇది సర్వే కాదు, ఒక మధ్యాహ్నం అనుభవం, అంతే. కులం పేరు నోరారా అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. "పూర్తి పేరు చెప్తారా అమ్మా?" "ఇంటిపేరు?" "సొంతూరు ఎక్కడ?" "ఊళ్లో ఎవరి తాలూకు?" ఇంటిపేరుతో తేలకపోతే ఊరు, ఊరితో తేలకపోతే ఊళ్లో తెలిసినవాళ్లు. ఒకాయన నేరుగా తిండిలోకి వచ్చాడు. "నాన్‌వెజ్ మాకేం పట్టింపు లేదండీ, చికెన్, మటన్ మేమూ తింటాం. అది మాత్రం వద్దు." ఆ 'అది' ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉత్తరాది నగరాల్లో ఇల్లు అడిగేవాళ్లను శాకాహారం పేరుతో వడగడతారని చదువుతుంటాం. ఇక్కడ యజమానుల్లో చాలామంది మాంసం తినేవాళ్లే కాబట్టి గీత ఇంకోచోట పడింది. ఇంకో ఇంటావిడ ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది. ఊరి పేరు విన్నాక భర్తను కనుక్కుని చెప్తానంది. సాయంత్రానికి ఫ్లాట్ 'వెళ్లిపోయింది'. ఆ ప్రకటన మాత్రం తర్వాతి వారం కూడా ఉంది.

ఫోన్‌లో చేసే ఈ వడపోతను పరిశోధకులు పద్ధతిగా పరీక్షించారు. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ పరిసరాల్లో ఒకే స్థాయి చదువు, ఉద్యోగం ఉన్నవాళ్లను అగ్రకుల, దళిత, ముస్లిం పేర్లతో ఇల్లు అడిగించారు. ఆ అధ్యయనం 2015లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. అగ్రకుల పేర్లకు తలుపులు తెరుచుకున్నాయి. దళిత పేర్లకు తిరస్కారాలు ఎదురయ్యాయి, ముస్లిం పేర్లకు అంతకన్నా ఎక్కువ. ఇస్తామన్న చోట కూడా ఎక్కువ అద్దె, అదనపు షరతులు. కొలంబియాలో చదివి వచ్చిన అంబేద్కర్‌కు 1917లో బరోడాలో అద్దె గది దొరక్క పార్శీ పేరుతో తలదాచుకోవాల్సి వచ్చిన సంగతి ఈ పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. ఆయనకూ ఉద్యోగం ఉంది, జీతం ఉంది.

రిమోట్ పని చేసేవాడికి ఈ ప్రశ్న మిగతావాళ్లకన్నా బరువైంది. రోజూ ఆఫీసుకు పోయేవాడికి ఇల్లంటే రాత్రి పడుకునే చోటు. ఇరుగుపొరుగుతో పరిచయం లిఫ్టులో, అదీ అర నిమిషం. ఇంటి నుంచి పని చేసేవాడికి ఆ భవనమే ఊరు. మధ్యాహ్నం వంట వాసన కారిడార్‌లోకి పోతుంది. వీడియో కాల్ మాట్లాడుతుంటే వెనుక గోడ మీది అంబేద్కర్ పటం అవతలివాళ్లకు కనబడుతుంది. పాప కింద ఎవరితో ఆడుకుంటోంది, ఎవరు తమ పిల్లల్ని పైకి పిలిచేశారు, అన్నీ కళ్లముందే. ఆఫీసులో జరిగితే చెప్పుకోవడానికి పేరుకైనా హెచ్‌ఆర్ అనే విభాగం ఉంటుంది. టవర్ వాట్సాప్ గ్రూపులో జరిగేదానికి అదీ లేదు.

పల్లె విడిచి పట్నం పొమ్మని అంబేద్కర్ దళితులకు చెప్పింది జీతం కోసమే కాదు, ఎవరూ ఎరగని చోటు కోసం కూడా. మన అమ్మానాన్నల తరానికి హైదరాబాద్ ఇచ్చింది అదే. బస్తీలో, కాలనీలో, మేడ మీద గదిలో ఎవరి గొడవ వాళ్లది. గేటెడ్ కమ్యూనిటీ ఆ వెసులుబాటును లాక్కుని సెక్యూరిటీ అని పేరు పెట్టింది. గేటు దగ్గర పేరు, యాప్‌లో పేరు, వచ్చే ప్రతి చుట్టం ఫొటో. వినాయక చవితి చందా, బతుకమ్మ కమిటీ, సత్యనారాయణ వ్రతం పిలుపు. ఎవరు వెళ్లారు, ఎవరు వెళ్లలేదు అనే లెక్క. అంటే యాభై అంతస్తుల ఊరు. 'ఎక్కడి నుంచైనా పని' అనే మాట వినగానే నాకు తోచే సందేహం ఇదే. పని ఎక్కడి నుంచైనా చేయొచ్చు, ఎక్కడైనా బతకనిస్తారా? సూర్యాపేటలో మావాడు అయిదేళ్లు ఎందుకు ప్రశాంతంగా ఉన్నాడంటే, రిటైరైన ఒక దళిత టీచర్ ఇంట్లో అద్దెకు ఉన్నాడు కాబట్టి.

ఆ టీచర్ లాంటి యజమాని కోకాపేటలో ఎందుకు దొరకడు? ఇది యజమానుల మంచి చెడ్డల సంగతి కాదు, భూమి సంగతి. 2021 జులైలో హెచ్‌ఎండీఏ ఇక్కడ సుమారు 50 ఎకరాలు వేలం వేస్తే దాదాపు 2,000 కోట్లు వచ్చాయి, ఎకరా అత్యధిక ధర 60.2 కోట్లు. 2023 ఆగస్టులో 45.33 ఎకరాలకు 3,319 కోట్లకు పైగా వచ్చాయి, ఒక ప్లాటు ఎకరా 100.75 కోట్లు పలికింది. 2025 నవంబర్ వేలంలో ఆ రికార్డూ పోయింది. 2023 ధరనే తీసుకున్నా గజం 2 లక్షల 8 వేలు. 2021లో మొదలైన దళితబంధు కింద ఒక కుటుంబానికి ఇస్తామన్నది 10 లక్షలు. అంటే నియోపోలిస్‌లో అయిదు గజాలు కూడా రావు, ఒక మంచం వేసుకోవచ్చు. 2014 ఆగస్టు 15న మొదలుపెట్టిన దళితులకు మూడెకరాల పథకం భూమి దొరకడం లేదన్న మాటతో నీరుగారింది. నగరం అంచున ప్రభుత్వ భూమి మాత్రం వేలానికి దొరుకుతూనే ఉంది. నియోపోలిస్ భూములపై నవాబు వారసులకు, ప్రభుత్వానికి మధ్య ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచి చివరికి సుప్రీంకోర్టులో ప్రభుత్వం గెలిచింది. ప్రజల తరఫున గెలిచిన భూమి ఎవరి చేతికి వెళ్లిందో వేలం పాటే చెప్పింది.

వేలం వేసిన భూమి ఒక కథ, చుట్టుపక్కల పట్టా భూమి ఇంకో కథ. పశ్చిమ హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లు డెవలప్‌మెంట్ ఒప్పందాల మీద లేచాయి. భూమి ఉన్నవాడు బిల్డర్‌కు ఇస్తాడు, బదులుగా తన వాటా ఫ్లాట్లు తీసుకుంటాడు. నిన్నటి పట్టాదారు ఇవాళ పది ఫ్లాట్ల యజమాని. పట్టా లేనివాడికి ఆ దారే లేదు. దళిత కుటుంబాలకు దక్కిన భూమిలో ఎక్కువ భాగం అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికి వీల్లేదు. పేదవాడి చేతి నుంచి భూమి జారిపోకుండా పెట్టిన రక్షణ అది, తప్పుపట్టను. కానీ అదే భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకున్నప్పుడు పట్టాదారుకు ఒక లెక్క, అసైన్డ్ రైతుకు మరో లెక్కగా నడిచింది. ఇదే రంగారెడ్డి జిల్లా చేవెళ్ల రెవెన్యూ డివిజన్ నుంచి వెళ్లిన మేకల పాండు కేసులో 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ రైతుకూ పట్టాదారుతో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలని తేల్చింది. ఆ తీర్పు వచ్చేదాకా పోయినవాళ్ల సంగతి వేరు. సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. ధరలు పెరగడానికి, సమాన పరిహారం అని కోర్టు చెప్పడానికి మధ్య ఆరేళ్లు పట్టింది. ఆ తేడా ఇవాళ అద్దె ఇంటి గుమ్మం దగ్గర కనిపిస్తుంది. యజమానులు అటు, ఎప్పుడూ అడిగేవాళ్లు ఇటు.

2024లో చేసిన సర్వే ప్రకారం తెలంగాణ జనాభాలో ఎస్సీలు 17.43 శాతం. నియోపోలిస్ టవర్లలో యజమానులుగా ఎంతమంది ఉన్నారో విడిగా లెక్కేసి చెప్పిన కాగితం నాకైతే దొరకలేదు. ఆ టవర్లు కట్టిన పాలమూరు కూలీల్లో, రోజూ పొద్దున నార్సింగి, పుప్పాలగూడ ఇరుకు గదుల నుంచి పాచిపనికి వచ్చే ఆడవాళ్లలో మనవాళ్లు కనబడతారు. చాలాచోట్ల వాళ్లకు వేరే లిఫ్టు.

చట్టం లేదా అంటే ఉంది. 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4, ఏ ప్రాంతంలోనైనా నివాసం పొందకుండా అంటరానితనం కారణంగా అడ్డుకోవడం నేరమంటోంది. సెక్షన్ 12 ఇంకా ముఖ్యం. బాధితులు ఎస్సీలైతే ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి, కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాళ్లు. లా విద్యార్థులు ఈ రెంటినీ కలిపి చదవాలి. చిక్కు ఎక్కడంటే, 'వేరేవాళ్లకు ఇచ్చేశాం' అన్న మాట ముందు తిరస్కారం జరిగిందనే నిరూపించడం కష్టం. 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేయించడం గురించి మాట్లాడింది, కుల వివక్షను పట్టించుకోలేదు. మరోవైపు 2005లో జొరాస్ట్రియన్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు ఒక హౌసింగ్ సొసైటీ తన సభ్యత్వాన్ని ఒకే మతస్తులకు పరిమితం చేసుకోవచ్చంది. కులం పేరుతో కాలనీలు కట్టుకునేవాళ్లకు ఆ తర్కం బాగా పనికొచ్చింది.

ఇప్పుడు సియాటిల్ చూడండి. 2023 ఫిబ్రవరిలో ఆ నగర కౌన్సిల్ కుల వివక్షను నిషేధించింది. ఉద్యోగాలతో ఆగలేదు, అద్దె ఇళ్లు, ఇళ్ల అమ్మకాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. మైక్రోసాఫ్ట్, అమెజాన్‌లకు ఆ నగర పరిసరాల్లోనూ పెద్ద ఆఫీసులున్నాయి, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలోనూ ఉన్నాయి. ఒకే కంపెనీ, ఒకే జీతపు పట్టిక, ఒకే కులం. సియాటిల్‌లో ఇల్లు నిరాకరిస్తే చూపించడానికి కులం పేరెత్తిన స్థానిక చట్టం ఉంది. కోకాపేటలో 1955 నాటి చట్టం పట్టుకుని స్టేషన్‌కు పోవాలి.

ఇక్కడ సాధ్యమయ్యే పని ఒకటుంది. నియోపోలిస్ ప్రైవేటు లేఅవుట్ కాదు. హెచ్‌ఎండీఏ షరతులు రాసి వేలం వేసింది, అంతస్తులకు పరిమితి కూడా ఎత్తేసింది. అన్ని షరతులు రాయగలిగిన సంస్థ, ఈ భూమిలో కట్టే ఇళ్లను కులం, మతం కారణంగా అమ్మను, అద్దెకు ఇవ్వను అనడానికి వీల్లేదని తర్వాతి వేలం పత్రాల్లో ఒక వాక్యం రాయలేదా? అపార్ట్‌మెంట్ సంఘాల నిబంధనల్లోకి అది తేలేదా? విద్యార్థి సంఘాలు అడగాల్సినవాటిలో ఇదొకటి అనుకుంటాను. ఇల్లు మన ఉద్యమాలకు కొత్త అంశమేమీ కాదు. ఇదే ఐటీ కారిడార్‌లోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరిలో రోహిత్ వేముల, అతని నలుగురు సహచరులు హాస్టల్ నుంచి వెలికి గురై ఆరుబయట వేసుకున్న గుడారానికి పెట్టిన పేరే వెలివాడ.

మా తమ్ముడికి నేనిచ్చిన సలహా మాత్రం ఇంత గంభీరమైనది కాదు. లింగంపల్లి, రామచంద్రాపురం వైపు చూడమన్నాను. బీహెచ్‌ఈఎల్ లాంటి ప్రభుత్వరంగ కర్మాగారాల్లో రిజర్వేషన్ మీద ఉద్యోగాలు చేసి ఇళ్లు కట్టుకున్న దళిత కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఉన్నాయి. యజమానులు మనవాళ్లు దొరుకుతారు, అద్దె తక్కువ. వారానికి రెండు రోజులే కదా, లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కితే హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగొచ్చు. లెక్క చూస్తే ఇదే మంచిది, ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

మరదలు ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి కూడా ఉద్యోగస్తురాలే. "ఎప్పుడూ మనోళ్లు ఉన్నకాడికే పోవాల్నా వదినా? అక్కడ కూడా మనోళ్లు ఉండాలంటే ఎవరో ఒకరు ముందు పోవాలె కదా" అంది. నా దగ్గర జవాబు లేదు. పాప చదువు, మనశ్శాంతి అంటూ ఏదో చెప్పబోయాను. విని ఊరుకుంది.

చివరికి విదేశంలో ఉండే ఒక యజమాని ఫ్లాట్ కుదిరింది. ఆయన జీతం స్లిప్పు తప్ప ఏమీ అడగలేదు. అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లూ ఇంటిపేర్లతో సహా పూర్తిగా రాయించమని మరదలు పట్టుబట్టింది. హాల్లో తలుపు తీయగానే కనబడే గోడ కొలతలు తీసుకుంది, అంబేద్కర్ పటం పెద్దది చేయించడానికి. వచ్చే నెల 15న తాళాలు ఇస్తారట.