నిషేధం నుండి సృజనకు – ఆధునిక యూదు చిత్రకళ

ముస్లిం విద్యార్థికి చిత్రకళతో పనియేమి అన్న ప్రశ్న మన విద్యాలయాలలో తరచు వినబడుతూ వున్నది. ప్రాణుల రూపాలను చిత్రించరాదన్న ధర్మభీతి దానికి మూలం. ఆ భీతిని అవహేళన చేయుట విజ్ఞత కాదు. అయితే ఇదే సమస్యను మనకన్న ముందు ఎదుర్కొన్నవారు యూదులు. పాలస్తీనా విషయమై మన హృదయాలలోని వేదన వేరు. ఒక జాతి కళాచరిత్రను అధ్యయనం చేయుట వేరు. పైగా వారు మనకు కేవలం దూరదేశీయులు కారు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిం సమాజపు ప్రార్థనా మందిరం వున్నది.

హజ్రత్ మూసా (అ) ధర్మశాస్త్రం విగ్రహాలను నిషేధించింది. ఆ ఆజ్ఞను యూదులు అన్ని కాలాలలో ఒకే రీతిగా అన్వయించుకోలేదు. 1932లో సిరియాలోని దురా యూరోపోస్‌లో బయల్పడిన మూడవ శతాబ్దపు ప్రార్థనా మందిరం గోడల నిండా మానవరూపాలతో కూడిన ధర్మగ్రంథ గాథలున్నవి. ఐనను తరతరాలుగా వారి ప్రతిభ అధికంగా గ్రంథాలంకరణలోను, లోహపు పనిలోను వ్యక్తమైంది. పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపాలో పౌరహక్కులు లభించిన కొలదీ చిత్రకళాశాలల ద్వారాలు వారికి తెరచుకున్నవి.

పోలిష్ యూదుడైన మౌరిసీ గాట్లీబ్ 1878లో, ఉపవాస దినాన ప్రార్థించే స్వజనులను వాస్తవిక శైలిలో చిత్రించి, వారి నడుమ తన రూపాన్ని కూడ నిలిపాడు. మార్క్ షగాల్ (1887–1985) పారిస్‌లో నూతన రీతులను అభ్యసించి, తాను పుట్టిన వీటెబ్‌స్క్ పట్టణపు యిండ్లను, ఆవులను, ఫిడేలు వాద్యకారులను కలలోవలె గాలిలో తేలించాడు. సూటిన్ ఉద్వేగంతో రూపాలను వంచివేశాడు. మార్క్ రోత్కో (1903–70) రూపాన్నే విడిచి వర్ణాలను మాత్రం మిగిల్చాడు. బొంబాయి బెనే ఇజ్రాయెల్ కుటుంబపు బిడ్డ సియోనా బెంజమిన్ మన సూక్ష్మచిత్ర సంప్రదాయం నుండి నీలివర్ణపు స్త్రీమూర్తులను సృష్టించింది.

ఇన్నింటిలో యూదు శైలి యేది? అట్టిది ఒక్కటి లేదని నా అభిప్రాయం. తమ బ్రతుకును తమ కాలపు కళాభాషలో చెప్పగల ధైర్యమే వీరందరి ఉమ్మడి ఆస్తి.

నిషేధం కళకు మృత్యువా? 1962లో జెరూసలెంలోని హదస్సా ఆసుపత్రి ప్రార్థనా మందిరానికి షగాల్ 12 గోత్రాలను సూచించే 12 రంగుటద్దాల గవాక్షాలను సమకూర్చినప్పుడు, ఒక్క మానవరూపాన్నైనా చేర్చలేదు. పశుపక్ష్యాదులు, పుష్పాలు, హెబ్రూ అక్షరాలు ఆ లోటును తెలియనీయలేదు. మన కలంకారీ చరిత్రయూ ఇట్టిదే. శ్రీకాళహస్తి కలం పురాణగాథలను చిత్రించగా, గోల్కొండ సుల్తానుల కాలం నుండి పారశీకుల అభిరుచి సోకిన బందరు అద్దకం లతలను, పుష్పాలను ఆశ్రయించింది. పెడనలో ఆ చెక్క అచ్చులు నేటికీ పనిచేస్తున్నవి.

1906లో బోరిస్ షాట్జ్ జెరూసలెంలో స్థాపించిన బెజలేల్ పాఠశాల చిత్రకళను, చేతిపనులను కలిపి నేర్పింది. 1910లో బందరులో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల మార్గమూ అదే. మన పాలకవర్గం వారికి నా మనవి: వారానికొక చిత్రకళా తరగతి నెలకొల్పండి. ఉర్దూ ఖుష్‌నవీసీ యెరిగినవారిని, పెడన అచ్చులు చెక్కేవారిని ఆహ్వానించండి. ప్రాణిరూపం గీయనొల్లని విద్యార్థికి లిపి వున్నది, లత వున్నది. గీయదలచినవాని నిర్ణయం వాని అంతరాత్మకే విడువవలెను.

విద్యార్థులారా! మీ మొహల్లా సందులను, కాలువ గట్లను, మీ యింటి కుట్టుమిషనును మీరు గీయనిచో మరెవరు గీయగలరు?