పాత రేసింగ్ గేమ్స్‌లో దాగిన టెస్ట్ మెనూలు చెత్త కాదు, మనకు ఫ్రీగా దొరికే పాఠాలు

సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ ఓపెన్ చేసి, బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు ట్యాప్ చేస్తే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2012లో ఆండ్రాయిడ్ 4.2 వచ్చినప్పటి నుంచి ఆ మెనూని అలాగే దాచి ఉంచుతున్నారు. యానిమేషన్ స్పీడ్ మార్చడానికో, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయడానికో మనలో చాలామంది అక్కడికి వెళ్లొచ్చినవాళ్లమే. చాలా శాంసంగ్ ఫోన్లలో డయలర్‌లో *#0*# కొడితే స్క్రీన్, స్పీకర్, సెన్సర్ టెస్టులు వస్తాయి. సెకండ్ హ్యాండ్ ఫోన్ చేతికి తీసుకుంటే నేను మొదట చూసేది అదే. అమ్మేవాళ్లు ఎన్ని మాటలైనా చెప్తారు, టెస్ట్ స్క్రీన్ మాత్రం ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది.

ఈ అలవాటు ఫోన్లతో మొదలైంది కాదు. అంతకు చాలా ముందే ఆర్కేడ్ రేసింగ్ మెషీన్లలో ఇలాంటి మెనూలు ఉన్నాయి. వాటితో పాటు, గేమ్ చేసినవాళ్లు తీసేయకుండా వదిలేసిన ట్రాక్‌లు, కెమెరాలు, సగం పూర్తయిన ఫైల్స్ కూడా. యూట్యూబ్‌లో వీటన్నింటికీ కలిపి 'సీక్రెట్' అని ఒకే పేరు పెట్టి, థంబ్‌నెయిల్‌లో ఎర్ర బాణం గీసేస్తారు. నా అభిప్రాయం వేరు. ఇవి వింతలు కావు, గేమ్ ఎలా తయారవుతుందో చూపించే సాక్ష్యాలు. ఇప్పుడొస్తున్న గేమ్స్‌లో ఆ సాక్ష్యం మన చేతికి రాకుండా పోతోంది. నా బాధ అక్కడే.

మూడూ ఒకటి కాదు

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. సెగా డేటోనా యూఎస్ఏ 1994లో ఆర్కేడ్‌లలోకి వచ్చింది. అందులో బిగినర్ ట్రాక్ మీద కొండరాయిలో సోనిక్ బొమ్మ చెక్కి ఉంటుంది. అదే ట్రాక్‌లో ఉన్న స్లాట్ మెషీన్‌ని స్టార్ట్ బటన్‌తో ఆపి మూడు ఏడులు పడేలా చేస్తే అదనపు టైమ్ దొరుకుతుంది. 1997 నాటి నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్‌ఈలో మెనూ దగ్గర 'హాలీవుడ్' అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే ఒక బోనస్ ట్రాక్ వస్తుంది, 'బస్' అని టైప్ చేస్తే స్కూల్ బస్సుతో రేస్ చేయొచ్చు. ఇవన్నీ ఈస్టర్ ఎగ్స్, చీట్ కోడ్స్. మనం కనిపెట్టాలనే పెట్టారు.

రెండో రకం పనిముట్లు. టెస్ట్ మెనూలు, డీబగ్ కెమెరాలు, సౌండ్ టెస్టులు ఇందులోకి వస్తాయి. వీటిని ఆపరేటర్ కోసమో, డెవలపర్ కోసమో పెట్టారు, ఆడేవాడి కోసం కాదు.

మూడో రకం మిగిలిపోయినవి. వాడదామనుకుని మానేసిన ట్రాక్‌లు, టెస్టింగ్‌కి చేసిన మ్యాప్‌లు, ఎవరూ పిలవని కోడ్. వీటిని ఎవరి కోసమూ పెట్టలేదు. తీసేయడానికి టైమ్ లేకో, తీస్తే ఇంకేదైనా చెడిపోతుందేమోనన్న భయంతోనో వదిలేసి ఉంటారు.

మొదటి రకం సరదా. నేర్చుకోవడానికి పనికొచ్చేవి మాత్రం మిగతా రెండే.

కాయిన్ డోర్ వెనక

డేటోనా మెషీన్‌లో డబ్బులు పడే తలుపు తీస్తే లోపల టెస్ట్, సర్వీస్ అని రెండు బటన్లు ఉంటాయి. టెస్ట్ నొక్కగానే రేస్ ఆగిపోయి మెనూ వస్తుంది. మెమరీ చిప్స్ బాగున్నాయా, స్టీరింగ్ మధ్యలో సరిగ్గా నిలుస్తోందా, పెడల్ పూర్తిగా తొక్కితే ఎంత విలువ వస్తోంది, స్క్రీన్ మీద గీతలు తిన్నగా ఉన్నాయా, ఇప్పటిదాకా ఎన్ని ఆటలు ఆడారు.. అన్నీ అక్కడ తెలుస్తాయి. *#0*#కి ఇది పెద్దన్న అన్నమాట.

అందులో నాకు బాగా నచ్చే సెట్టింగ్ రేస్ పొడవు. మామూలుగా బిగినర్ ట్రాక్‌లో 8 ల్యాప్‌లు, అడ్వాన్స్‌డ్‌లో 4, ఎక్స్‌పర్ట్‌లో 2. ఆపరేటర్ దాన్ని గ్రాండ్ ప్రీకి మారిస్తే 20, 10, 5 అవుతాయి. ఎండ్యూరెన్స్ పెడితే 80, 40, 20. చాలామంది ఆ 80 ల్యాప్‌ల రేస్‌ని చూసి కూడా ఉండరు. ఎందుకంటే ఒక్కడు మెషీన్ మీద అంతసేపు కూర్చుంటే ఓనర్‌కి గిట్టుబాటు కాదు.

ఇక్కడే ఒక పాఠం ఉంది. ఆర్కేడ్ గేమ్ డిజైన్ అంటే నిమిషానికి ఎంత వస్తుందన్న లెక్క కూడా. ఏ గేమ్ డిజైన్ కోర్స్‌లోనైనా డబ్బు కట్టి వినాల్సిన సంగతిని ఆ ఒక్క మెనూ పేజీ చెప్పేస్తుంది.

వదిలేసిన ట్రాక్ ఏం చెప్తుంది

2005లో వచ్చిన మారియో కార్ట్ డీఎస్ ఫైల్స్‌లో ఆటలో ఎక్కడా కనిపించని ట్రాక్‌లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని ఫైల్ పేరు 'టెస్ట్ సర్కిల్'. పేరులోనే ఉంది చూశారా, టెస్టింగ్‌కి వేసుకున్న ట్రాక్ అని. ఒక పెద్ద కంపెనీ కూడా బండి ఎలా తిరుగుతోందో చూసుకోవడానికి ముందు ఇలాంటి సాదా ట్రాక్ వేసుకుందన్నమాట. యూనిటీలో మొదటి రేసింగ్ గేమ్ మొదలుపెట్టి, చార్మినార్ మోడల్ అందంగా రావట్లేదని రెండో వారానికే ఆపేసే మన కుర్రాళ్లు ఈ ట్రాక్‌ని ఒక్కసారి చూడాలి. సీనరీ సంగతి తర్వాత, ముందు కారు సరిగ్గా తిరగాలి.

అదే ఏడాది వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ మన దగ్గర ఎంతమంది ఆడారో చెప్పక్కర్లేదు. అందులో డీబగ్ కెమెరా, కార్‌ని మార్చే డీబగ్ స్క్రీన్ లాంటివి కోడ్‌లోనే ఉండిపోయాయి. మాడర్లు వాటిని మళ్లీ ఆన్ చేశారు. ఆ కెమెరాతో సిటీ పైకి ఎగిరి చూస్తే, రోడ్డు మీంచి కనిపించని వైపు ఎంత తక్కువ పని చేశారో తెలుస్తుంది. పాత కంప్యూటర్ల మీద కూడా గేమ్ సాఫీగా నడవాలంటే ఎక్కడ పొదుపు చేయాలో అర్థమవుతుంది.

ఇంకా లోతుకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. సెగా 1986లో తెచ్చిన అవుట్‌రన్ కోడ్‌ని క్రిస్ వైట్ అనే ప్రోగ్రామర్ విడదీసి, అర్థం చేసుకుని, క్యానన్‌బాల్ పేరుతో కొత్తగా రాసి ఓపెన్ సోర్స్‌గా పెట్టాడు. ఒరిజినల్‌లో ఉన్న బగ్స్ సరిచేశాడు, లేఅవుట్ అని ట్రాక్ ఎడిటర్ కూడా చేశాడు. సోర్స్ కోడ్ ఎవరో ఇస్తే చేసిన పని కాదిది. చిప్‌లో ఉన్నదాన్ని ఓపిగ్గా చదివి చేసింది.

అభ్యంతరాలు ఉన్నాయి, ఒప్పుకుంటా

'ఇవన్నీ వదిలేస్తే ప్రమాదం కదా?' అంటారు. నిజమే. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో ఆపేసి, తీసేయకుండా వదిలేసిన అడల్ట్ సన్నివేశాన్ని 2005లో మాడర్లు బయటపెట్టారు. అదే హాట్ కాఫీ గొడవ. అమెరికాలో ఆ గేమ్ రేటింగ్‌ని పెద్దలకు మాత్రమే అని మార్చారు, దుకాణాలు దాన్ని అమ్మకం నుంచి తీసేశాయి. ఆ దెబ్బ తర్వాత కంపెనీలు జాగ్రత్తపడటంలో తప్పేం లేదు.

ఆన్‌లైన్ ర్యాంకింగ్ గేమ్‌లో డీబగ్ మెనూ తెరిచి ఉంటే చీటర్లకు పండగే. అక్కడ తాళం వేయాల్సిందే. కానీ ఒక్కడే కూర్చుని ఆడే ఆఫ్‌లైన్ మోడ్‌కి కూడా అదే తాళం ఎందుకు? దానికి మాత్రం నాకు సరైన జవాబు దొరకలేదు.

అసలు పోతున్నదేంటి

2014లో యూబీసాఫ్ట్ ది క్రూ అనే రేసింగ్ గేమ్ తెచ్చింది. ఒంటరిగా ఆడినా సర్వర్‌కి కనెక్ట్ అవ్వాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డబ్బు పెట్టి డిస్క్ కొన్నవాళ్ల దగ్గర ఇప్పుడు ఉన్నది ప్లాస్టిక్ మాత్రమే. దాని మీద వచ్చిన కోపమే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం. యూరప్‌లో దాని పిటిషన్‌కి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ఆ తర్వాతి గేమ్ ది క్రూ 2కి ఆఫ్‌లైన్ మోడ్ ఇస్తామని కంపెనీ ప్రకటించింది. అడిగితేనే ఇచ్చారన్నది గుర్తుపెట్టుకోండి.

పాత మెషీన్లేమీ అమరమైనవి కావు. సెగా సూపర్ హ్యాంగ్-ఆన్ బోర్డుల్లో కొన్నింటికి బ్యాటరీతో నడిచే ఎన్‌క్రిప్షన్ ప్రాసెసర్ ఉండేది. బ్యాటరీ చచ్చిపోతే లోపలున్న కీ పోతుంది, గేమ్ ఇక ఆన్ అవ్వదు. 1997లో మొదలైన మేమ్ ప్రాజెక్ట్ లాంటివి లేకపోతే అవి అక్కడితో సరి. తేడా ఏంటంటే, బోర్డు చేతిలో ఉంటే ఎవరో ఒకరు కూర్చుని సాధిస్తారు. సర్వర్ కంపెనీ దగ్గర ఉంటే ఆ పని చాలా కష్టం. రేపు మన ఫోన్లలోని రేసింగ్ గేమ్స్ ఆగిపోతే, వాటిలో ఏ టెస్ట్ ట్రాక్ ఉండేదో చూసే వీలు కూడా మిగలకపోవచ్చు.

మన చేతిలో ఉన్నది

'ఇదంతా పైరసీ కాదా?' అనేది ఇంకో ప్రశ్న. మన కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52 చదవండి. చట్టబద్ధంగా మన దగ్గరున్న ప్రోగ్రామ్‌కి బ్యాకప్ తీసుకోవడం, అది ఎలా పనిచేస్తుందో గమనించడం, చదవడం, టెస్ట్ చేయడం ఉల్లంఘన కాదని అందులో ఉంది. ఎవరి గేమ్‌నో కాపీ చేసి పంచడం మాత్రం తప్పే. 2012 సవరణలో చేర్చిన 65ఏ ప్రకారం, ఉల్లంఘన కోసం కాపీ ప్రొటెక్షన్ బద్దలు కొట్టడం నేరం. అంటే మన సీడీని మనం తెరిచి చదువుకోవచ్చు, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మకూడదు.

సికింద్రాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇది ఊరికే చదివి వదిలేసే సంగతి కాదు. పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. పాత హార్డ్‌వేర్‌కి ప్రాణం పోసే చేతులు మన దగ్గర తక్కువేం లేవు. ఇంట్లో పాత గేమ్ సీడీలుంటే, గీతలు పడి చదవలేని స్థితికి రాకముందే ఇమేజ్ తీసి పెట్టుకోండి. తెలిసినవాళ్ల గేమ్ జోన్‌లో పాత రేసింగ్ మెషీన్ తుక్కుకి వెళ్తోందని తెలిస్తే, వెళ్లి అడిగి ఆ తలుపు తెరిపించండి. బోర్డు మీద లేబుల్, స్విచ్‌ల పొజిషన్, టెస్ట్ మెనూలో ప్రతి పేజీ ఫోటో తీయండి. అరగంట పని.

కొత్త గేమ్ కొనేటప్పుడు కూడా గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయని అడిగే ముందు, నెట్ లేకుండా నడుస్తుందా అని అడగండి. ఫోన్ రివ్యూలో బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో చూసినట్టే, గేమ్ రివ్యూలో సర్వర్ ఆపేశాక ఏం మిగులుతుందో చూడాలి. నేను రాసే రివ్యూల్లో ఇకనుంచి ఆ లైన్ తప్పకుండా ఉంటుంది.