వనితాలోకము: తెడ్డు పట్టిన విద్యార్థినులు

కలికిరినుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ మాసమున మా కందినది. ఆమె కుమార్తె ఆ యూరి ఇంజనీరింగు కళాశాలలో పట్టము పుచ్చుకొని, పైచదువునకై ఇంగ్లండు వెళ్లినదట. అచ్చటి విశ్వవిద్యాలయపు పడవల క్లబ్బులో చేరితిననియు, తెల్లవారక మునుపే నదికి పోవుచున్నాననియు తల్లికి వ్రాసినదట. "చదువుకొనుటకు పంపితిమా, పడవ లాగుటకు పంపితిమా? చెరువు గట్టు దిగనీయక పెంచిన పిల్ల. మానుమని వ్రాయుదునా?" అని యామె ప్రశ్న.

ఆ తల్లి భయమును నేను పరిహసింపను. మన సీమలో చెరువు నిండిన యేడు సంతోషముతోబాటు పిల్లలకు కావలి కాయు పనియు వచ్చును. నీటిపై మన మెరిగినవి తుంగభద్రలో పుట్టియు, కోనేటిలో తెప్పోత్సవమును. అయినను, మానుమని వ్రాయుటకు ముందు, ఆ పడవలలో స్త్రీలకు చోటెట్లు దొరకినదో వినుడు.

ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల పడవ పందెము 1829లో హెన్లీ యను నూరియొద్ద మొదలైనది. దానికి కారకులు చిన్ననాట ఒక్క బడిలో చదివిన మిత్రులిద్దరు: కేంబ్రిడ్జిలో చార్లెస్ మెరివేలు, ఆక్స్‌ఫర్డులో చార్లెస్ వర్డ్స్‌వర్తు. రెండవ యాతడు ప్రసిద్ధకవి వర్డ్స్‌వర్తునకు తమ్ముని కుమారుడు. చాలకాలము ఆ పడవలలో స్థానము పురుషులకే.

కేంబ్రిడ్జిలోని న్యూన్‌హాము స్త్రీల కళాశాలలో 1893లో విద్యార్థినులు తమ క్లబ్బును తామే పెట్టుకొనిరి. 1927లో వారు ఆక్స్‌ఫర్డు విద్యార్థినులతో మొదటిసారి పోటీపడిరి. ఆ పోటీ విచిత్రము! రెండు పడవలను ఒక్కమారు నదిపై నుండనీయలేదు. ఒకటి పోయిన పిమ్మట మరియొకటి. వేగముతోబాటు తెడ్డు వేయు తీరునుగూడ లెక్కించిరి. వంట రుచితోపాటు గరిటె పట్టిన సొగసునకును మార్కులు వేసినట్లున్నది. ఆ యేడు ఆక్స్‌ఫర్డు వారు గెలిచిరి.

అంతకంటె వింత యొకటి కలదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ స్త్రీల పడవ క్లబ్బు 1941లో ఏర్పడినది. కాని ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పూర్తి పట్టమును, సభ్యత్వమును ఇచ్చినది 1948లో! అనగా, ఏడేండ్లపాటు ఆ యువతులు తమను సభ్యులుగా నెంచని విద్యాలయము పేరనే తెడ్డు వేసిరి. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని.

1981లో సూ బ్రౌను అను యువతి ఆక్స్‌ఫర్డు పురుషుల పడవకు చుక్కాని పట్టి గెలిపించినది. పురుషులు పందెమాడు థేమ్సునది దారిలోనే, అదే దినమున, స్త్రీల పందెమును జరుగుట 2015లో గాని సాధ్యము కాలేదు. కేంబ్రిడ్జిలో స్త్రీపురుషుల క్లబ్బులు 2020లో ఏకమైనవి. పడవ క్లబ్బులు మన ప్రాంతమునకును క్రొత్తవి కావు. చెన్నపురిలో అడయారు నదిపై ఇంగ్లీషువారు 1867లోనే యొకటి స్థాపించిరి.

కనుక, సోదరీ, మానుమని వ్రాయకుడు. అడుగవలసినవి అడుగుడు. ఈత వచ్చునా? రానిచో, ముందు ఈత, పిమ్మట తెడ్డు. ఈ మాట మాత్రము గట్టిగా వ్రాయుడు. అచ్చటి చలికాలపు నీరు మన చెరువు నీటివంటిది కాదు. నేలపైనే తెడ్డు లాగుట నేర్పు యంత్రములు గలవు. మొదట వానిపై సాధన చేయవచ్చును. రంగు తగ్గునని, చేతులు కాయలు కాచునని మీరు వ్రాసితిరి. రోకలి పట్టిన చేతులకు కాయలు కాయలేదా?

ఎనమండుగురు లాగు పడవలో ఒకటి మొదలు ఎనిమిదివరకు స్థానములకు అంకెలుండును. అందరును వెనుకకు ముఖముపెట్టి లాగుదురు. చుక్కాని పట్టినయామె యొక్కతియే ముందుదారి చూచును. ఎనిమిదవ స్థానమున నున్నయామె తెడ్డు వేగమునే మిగిలిన యేడుగురును అనుసరింపవలెను. మీ అమ్మాయి ఏ స్థానమున కూర్చుండునో కనుగొని మాకును వ్రాయుడు.