రహస్యం కావాలన్నవాడే ప్రమాణపత్రం పెట్టాలి

పల్నాడు రాజుపాలెంలో కూర్చుని కుడంకుళం అణు కేంద్రం గొడవ నీకెందుకని అడుగుతున్నారు. చెబుతాను. మాచర్ల దగ్గర కొప్పునూరులో నేల కింద యురేనియం ఉందని అణు ఖనిజాల శాఖ ఎప్పుడో తవ్వి చూసి తేల్చింది. నాగార్జునసాగర్ జలాశయాన్ని ఆనుకుని నల్గొండ వైపున్న లంబాపురం, పెద్దగట్టులో యురేనియం గనులు పెడతామని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. జనం ఎదురు తిరగబట్టి ఆ గనులు తెరుచుకోలేదు. పల్నాడు మిరప, పత్తి పొలాలకు నీళ్లిచ్చే కుడి కాలువ పుట్టేది ఆ జలాశయంలోనే. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటీ 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కడతామంటున్నారు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం మిల్లు వ్యర్థాల చెరువు పక్క ఊళ్లవాళ్లు బోరునీళ్లు పాడయ్యాయని మొత్తుకుంటే, కాలుష్య నియంత్రణ మండలి ఆ గని నడిపే యుసీఐఎల్‌కు నోటీసులిచ్చేదాకా వచ్చింది. ఇంత జరుగుతుంటే నాకు కాక ఎవరికి?

అసలు తగువు ఇది. అణు రియాక్టరు కట్టే కంపెనీ తన యంత్రం ఎలా పని చేస్తుందో, ఎక్కడ విఫలం కావచ్చో, విఫలమైతే ఏం జరుగుతుందో రాసి భద్రతా నియంత్రణ సంస్థకు ఇవ్వాలి. ఆ కాగితాల్లో కంపెనీ వ్యాపార రహస్యాలూ ఉంటాయి. వాటిని కాపాడాలా? కాపాడాలి. ఇంధన కడ్డీని ఏ మిశ్రమంతో, ఎంత వేడి మీద, ఏ పద్ధతిలో చేస్తారు, ప్రమాదాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేరులో ఏముంది, పంపు ఏ ధరకు అమ్ముతున్నారు, ఇవన్నీ ఏళ్ల కష్టంతో సంపాదించినవి. ఆ భరోసా లేకపోతే కంపెనీ తనిఖీ అధికారికే సగం చెప్పి సగం మింగుతుంది. సగమే తెలిసిన తనిఖీ అధికారి కంటే పెద్ద ప్రమాదం రియాక్టరులో కూడా ఉండదు. కంపెనీ నిజమైన రహస్యాన్ని ప్రత్యర్థికి అమ్ముకున్న ఉద్యోగిని జైల్లో పెట్టమని నేనే అంటాను.

నా కోపం రహస్యం మీద కాదు. ఏది రహస్యమో చెప్పకుండా, ఎందుకు రహస్యమో రాతపూర్వకంగా నిరూపించకుండా, మొత్తం నివేదికనే బీరువాలో పెట్టి తాళం వేసే దుర్మార్గం మీద.

కుడంకుళంలో జరిగింది అదే. రష్యా రియాక్టర్ల భద్రతా విశ్లేషణ నివేదిక, స్థల మదింపు నివేదిక ఇవ్వమని అణు వ్యతిరేక ఉద్యమకారుడు ఎస్.పి.ఉదయకుమార్ సమాచార హక్కు చట్టం కింద అడిగారు. ఆ కేంద్రాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ఇవ్వనంది. దేశభద్రత అంది, సరఫరాదారు సొంత డిజైన్ వివరాలు ఉన్నాయి అంది. 2012 ఏప్రిల్ 30న కేంద్ర సమాచార కమిషనర్ శైలేష్ గాంధీ చాలా మామూలు మాట చెప్పారు: కంపెనీ సొంత డిజైన్ వివరాలుంటే అవి తీసేసి మిగతాది ఇవ్వండి. చట్టంలో ఉన్నదే చెప్పారాయన. వ్యాపార రహస్యానికి సెక్షన్ 8(1)(డి) రక్షణ ఇస్తుంది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే అదే సెక్షన్ ఆ రక్షణను పక్కన పెట్టమంటుంది. దాచాల్సిన భాగాన్ని విడదీసి మిగిలింది ఇమ్మని సెక్షన్ 10 చెబుతుంది. కంపెనీకి ముందు నోటీసిచ్చి, దాని మాట విని, నిర్ణయం తీసుకోమని సెక్షన్ 11 చెబుతుంది. కంపెనీకి ఇంతకంటే పెద్ద రక్షణ ఏం కావాలి? అయినా ఎన్‌పీసీఐఎల్ మార్కర్ పెన్ను తీసుకుని ఆ పేజీల్లో రహస్యం ఉన్న వాక్యాలు కొట్టెయ్యడానికి ఒప్పుకోలేదు. ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ, ప్రజల సొమ్ముతో వకీళ్లను పెట్టి, రష్యా కంపెనీ తరఫున ప్రజల మీద వాదించింది!

ఆ దాపరికం వెనక ఏముందో ఏడాది తిరక్కముందే కొంత బయటపడింది. కుడంకుళంలో ఒక వ్యవస్థలోని నాలుగు వాల్వులు సరిగ్గా పని చేయడం లేదని 2013 ఏప్రిల్‌లో అణు భద్రతా నియంత్రణ సంస్థ ఏఈఆర్‌బీయే ప్రకటించాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాది రష్యాలో జియో-పొదోల్స్క్ అనే తయారీ సంస్థ కొనుగోళ్ల అధికారిని నాసిరకం ఉక్కు వ్యవహారంలో అరెస్టు చేశారు. ఆ సంస్థ కుడంకుళానికీ సామాను పంపింది. ఏఈఆర్‌బీ పూర్వ అధ్యక్షుడు ఎ.గోపాలకృష్ణన్ దీని మీద గొంతెత్తి అరిచారు. ఒక భాగాన్ని ఎవరు తయారు చేశారు, దాన్ని ఎవరు పరీక్షించారు, ఆ పరీక్షలో ఏం తేలింది? ఇవి వ్యాపార రహస్యాలైతే దొంగకు రక్షణ రహస్యంలోనే ఉన్నట్టు. దక్షిణ కొరియాలో 2012లో రియాక్టర్ల విడిభాగాల నాణ్యతా ధ్రువపత్రాలు నకిలీవని బయటపడి రెండు రియాక్టర్లు ఆపారు. మరుసటి ఏడాది కంట్రోల్ కేబుళ్ల పరీక్ష ఫలితాలే కల్పించారని తేలింది. నకిలీ ధ్రువపత్రానికి కూడా మంచి బైండింగు చేసి, పైన కాన్ఫిడెన్షియల్ ముద్ర కొట్టొచ్చు.

ఇప్పుడు అమెరికా సంగతి వినండి. కొవ్వాడలో పెడతామంటున్న రియాక్టరు వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఏపీ 1000. అదే కంపెనీ తన దేశంలో అణు నియంత్రణ కమిషన్‌కు ఒక కాగితం ఇచ్చి, దీన్ని దాచండి అని అడగాలంటే ఏం చెయ్యాలి? కంపెనీ బాధ్యుడైన అధికారి ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. ఈ వివరాన్ని మేం ఎప్పుడూ బయటపెట్టలేదు, ఇది మరెక్కడా దొరకదు, బయటపడితే పోటీలో మాకు ఫలానా నష్టం జరుగుతుంది అని కారణాలతో రాయాలి. దాచాల్సిన చోట్లు గుర్తు పెట్టాలి. అవి తీసేసిన రెండో ప్రతిని జనం కోసం ఇవ్వాలి. కారణం చాలదనుకుంటే కమిషన్ కుదరదంటుంది. కారణం సరైనదే అయినా, జనానికి తెలియాల్సిన అవసరంతో తూచి చూస్తుంది. ఏపీ 1000 డిజైన్ పత్రం వేల పేజీలు ఆ కమిషన్ వెబ్‌సైట్లో ఎవరైనా చదువుకునేలా ఉన్నది అందుకే. బ్రిటన్‌లో ఇదే రియాక్టరుకు 2017 మార్చిలో డిజైన్ అంగీకారం వచ్చింది. అంతకు ముందు కంపెనీ తన భద్రతా పత్రాలను, రహస్య భాగాలు తీసేసి, వెబ్‌సైట్లో పెట్టి జనం అడిగిన ప్రశ్నలకు జవాబులివ్వాల్సి వచ్చింది. వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషన్ వేసింది, నిజమే. నిర్మాణ ఖర్చులు తడిసి మోపెడై వేసింది. ఎవరో పౌరుడు భద్రతా నివేదిక చదివాడని కాదు.

అమెరికాలో పిట్స్‌బర్గ్ పక్కన ఉండేవాడికి తెలిసేదే రణస్థలం బెస్తవాడికి ఎందుకు తెలియకూడదు? ఆ ప్రాణం ఖరీదైనది, ఈ ప్రాణం చవకా? కేంద్ర విద్యుత్ శాఖలో కార్యదర్శిగా చేసి రిటైరై విశాఖలో ఉంటున్న ఈ.ఏ.ఎస్.శర్మ గారు కొవ్వాడ మీద లేఖ తర్వాత లేఖ రాస్తూనే ఉన్నారు. అంతటివాడికే జవాబు కరువైతే పాసుపుస్తకం పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగే రైతుకు ఎవరు చెబుతారు? నా పొలం సర్వే నంబరు కొడితే అడంగల్, 1బీ రాష్ట్రంలో ఎవరికైనా కనపడతాయి. నా వివరాలు ఊరందరివీ, కంపెనీ వివరాలు మాత్రం కంపెనీవి!

రహస్యం తెరిస్తే కంపెనీలు పారిపోతాయని బెదిరించేవాళ్లకు పత్తి పండించే ఈ జిల్లా నుంచి ఒక జవాబుంది. బీటీ వంకాయ విత్తనం మీద జరిపిన విషప్రభావ, అలర్జీ పరీక్షల ఫలితాలు ఇవ్వమంటే, అవి మహికో కంపెనీ వ్యాపార రహస్యం అన్నారు. సమాచార కమిషన్ ఇమ్మంది. చివరికి సుప్రీంకోర్టు చెబితే 2008లో అవి జనం ముందుకొచ్చాయి. దేశవిదేశాల శాస్త్రవేత్తలు వాటిని చదివి తప్పులు పట్టారు. హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో చర్చ జరిగింది. 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆ వంకాయను నిలిపేశారు. మహికో ఇవాళ్టికీ వ్యాపారం చేస్తూనే ఉంది. తింటే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు వ్యాపార రహస్యం కాదని ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకున్నాక, పగిలితే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఎలా రహస్యమవుతుంది?

అణుశాఖ విషయంలో మాత్రం అదే న్యాయస్థానం అంతకు ముందే వెనకడుగు వేసి ఉంది. దేశంలోని అణు కేంద్రాల్లో 130 భద్రతా సమస్యలున్నాయని 1995లో గోపాలకృష్ణన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఏఈఆర్‌బీ ఒక పత్రం తయారు చేసింది. దాన్ని బయటపెట్టమని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ కోర్టుకెళ్లింది. 1962 నాటి అణుశక్తి చట్టం సెక్షన్ 18 అడ్డం పెట్టి ప్రభుత్వం కాదంది. 2004 జనవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వం మాటే నిలబెట్టింది. ఆ తీర్పును నేను గౌరవించను. తనిఖీ చేసినవాడు లోపాలు రాసి పెడితే, ఆ లోపాల పక్కన కాపురముండేవాడికి చూపించకూడదన్న తీర్పును ఎందుకు గౌరవించాలి?

ఇంతకీ ఆ కాపలాదారు ఎవరు? 1983 నవంబరులో పుట్టిన ఏఈఆర్‌బీ, తాను తనిఖీ చేయాల్సిన అణుశాఖ పెద్దే అధ్యక్షుడిగా ఉన్న కమిషన్‌కు జవాబుదారీగా పని చేస్తూ వచ్చింది. నిబంధనలు రాసే అధికారం దానికి లేదని, నేరానికి జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలని 2012లో కాగ్ కడిగేసింది. ఆ సంస్థ చేతిలో జనం ప్రాణం పెట్టి, జనాన్నే తలుపు బయట నిలబెట్టారు.

2025 డిసెంబరులో పార్లమెంటు రెండు రోజుల్లో ఆమోదించేసిన శాంతి అనే కొత్త అణు చట్టం సంగతి మరీ ఘోరం. పాత అణుశక్తి చట్టం, 2010 నాటి పరిహార చట్టం రెండూ పోయాయి. ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చారు, ఆ ఒక్కదాన్ని స్వాగతిస్తాను. కానీ సమాచార హక్కు చట్టాన్ని పక్కకు నెట్టి, వివరాలను నియంత్రిత సమాచారంగా ప్రకటించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వం తన చేతిలో ఉంచుకుంది. ఎంత పెద్ద ప్రమాదమైనా అణు కేంద్రం నడిపేవాడి బాధ్యతకు గరిష్ఠంగా 3,000 కోట్ల రూపాయల దగ్గర గీత గీశారు. సామాను సరఫరా చేసినవాడి మీద పాత చట్టం పెట్టిన ప్రత్యేక బాధ్యతను తీసేశారు. మునుపు దాచింది ప్రభుత్వ సంస్థ. దాన్ని పార్లమెంటులోనన్నా నిలదీయొచ్చు. రేపు దాచేది లాభం కోసం పెట్టుబడి పెట్టిన కంపెనీ. బాధ్యత తక్కువ, రహస్యం ఎక్కువ: ఇలాంటి బేరం ఏ దేశంలోనైనా ఎవరి కోసం చేస్తారు?

దాపరికం శత్రువు నుంచి కాపాడుతుందనే వాదన కూడా చెల్లదు. 2019 అక్టోబరు 29న కుడంకుళం అధికారులు సైబర్ దాడి జరగలేదన్నారు. మర్నాడే ఎన్‌పీసీఐఎల్ తన కంప్యూటరులో మాల్‌వేర్ దొరికిన మాట నిజమేనని ఒప్పుకుంది. దొంగకు తలుపు తెరుచుకుంది, దరఖాస్తుదారుడికి తెరుచుకోలేదు. జపాన్‌లో ఇంకా దారుణం. విద్యుత్ కంపెనీ టెప్కో రియాక్టర్ల తనిఖీ రికార్డులు తప్పుడువని, ఆ తనిఖీలు చేసిన కాంట్రాక్టు సంస్థ మాజీ ఉద్యోగి ఒకరు నియంత్రణ సంస్థకు చెబితే, ఆ సంస్థ ఆయన పేరునే టెప్కోకు అందించింది. కంపెనీ ఇచ్చింది గుట్టుగా ఉంచారు, కంపెనీ మీద చెప్పినవాడిని బజారున పడేశారు. 2002లో గుట్టు రట్టయింది. మరుసటి ఏడాది ఏప్రిల్ నాటికి టెప్కో రియాక్టర్లు పదిహేడూ ఆగాయి. ఫుకుషిమా దాయీచి వాటిలోనే ఉంది.

రహస్యాన్ని కాపాడే పద్ధతి కావాలంటారా, ఉంది. ఏ కంపెనీ ఏ పేరా దాచమంటుందో, ఎన్నేళ్లు దాచమంటుందో, దాచకపోతే తనకు నష్టమేమిటో ప్రమాణపత్రం పెట్టాలి. ఆ ప్రమాణపత్రమే బహిరంగంగా ఉండాలి. అబద్ధపు రహస్యం అడిగితే 500 రూపాయలు కాదు, లైసెన్సే పోవాలి. ప్రమాదంలో ఎంత రేడియేషన్ ఎంత దూరం పోతుంది, కూలింగ్ ఆగితే రియాక్టరు ఎన్ని గంటలు నిలబడుతుంది, ఏ భాగం ఎవరు చేశారు, పరీక్షలో ఏది తప్పింది, వీటిని ఎవరు అడిగినా రహస్యం కింద పెట్టకూడదు. రహస్య భాగం తీసేశాక మిగిలిన నివేదిక సారాంశం తెలుగులో, ప్రజాభిప్రాయ సేకరణకు ముందు, మండల ఆఫీసులో బల్ల మీద ఉండాలి. ఇప్పుడు అక్కడికి వచ్చేది పర్యావరణ నివేదిక ఒక్కటే. రియాక్టరు ఎలా విఫలమవుతుందో చెప్పే నివేదిక రాదు.

పది రూపాయల పోస్టల్ ఆర్డరు తీసి పెట్టాను. ఏఈఆర్‌బీని రెండే అడుగుతున్నాను. కొవ్వాడ రియాక్టర్ల గురించి మీకు అందిన కాగితాల్లో ఏవేవి రహస్యంగా ఉంచమని ఎవరు అడిగారు, వాటి జాబితా ఇవ్వండి. ఆ కోరికకు కారణం చూపిస్తూ ఎవరైనా సంతకం పెట్టి ఉంటే, ఆ సంతకం ఉన్న కాగితం ఇవ్వండి.