కొట్టడం, కొట్టెయ్యడం

2003లో మా గదిలో టేప్ రికార్డర్ పాడైందనుకున్నాం. కొత్త క్యాసెట్ పెట్టి నొక్కితే గిటార్లు సరిగ్గానే వస్తున్నాయి, గొంతు సరిగ్గానే వస్తోంది, డ్రమ్ముల దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఖాళీ నూనె డబ్బా మీద గరిటెతో బాదుతున్నట్టుంది. హెడ్ మీద దుమ్ము పేరుకుందేమోనని దూదికి స్పిరిట్ అద్ది తుడిచాం. మళ్ళీ అదే మోత. పక్క గదివాళ్ళ డెక్‌లో పెట్టి చూశాం. అక్కడా డబ్బాయే. అప్పటికి గానీ బుర్రకెక్కలేదు, రోగం యంత్రానిది కాదని. ఆ క్యాసెట్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా వారి ‘సెయింట్ యాంగర్’.

సాహిత్య పత్రిక సంపాదకీయంలో ఈ గోలేమిటని కొందరు పాఠకులు నొసలు చిట్లిస్తారని తెలుసు. కానీ పేరు సంపాదించుకున్నవాడు మధ్య వయసుకొచ్చాక తెచ్చిన కృతిని ఎలా తూచాలన్న పేచీ మనకూ ఉంది. ‘ఖడ్గసృష్టి’ని పక్కన ‘మహాప్రస్థానం’ పెట్టుకోకుండా చదివినవాళ్ళు ఎందరు? మన పేచీలో సాక్ష్యాలు తక్కువ. పుస్తకం ఎలా తయారైందో రచయితకీ ఆయన బల్లకీ తప్ప ఎవరికీ తెలీదు. ‘సెయింట్ యాంగర్’ సంగతి అలా కాదు. ఆ ఆల్బమ్ పుట్టిన గదిలో మొదటినుంచీ కెమెరా ఉంది. జో బెర్లింజర్, బ్రూస్ సినోఫ్‌స్కీ తీసిన ‘సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్’ అనే డాక్యుమెంటరీ 2004లో విడుదలైంది. అభిమాని ఏమన్నాడో, విమర్శకుడు ఏమన్నాడో విన్నాక, అసలు జరిగిందేమిటో తెర మీద చూసి సరిపోల్చుకునే అవకాశం అరుదుగా దొరుకుతుంది.

మెటాలికా అభిమానుల ఫిర్యాదులను ఒకచోట చేరిస్తే అది బ్యాండ్ చరిత్రకన్నా లావుపాటి పుస్తకమవుతుంది. 1984లో ‘ఫేడ్ టు బ్లాక్’ అని నెమ్మదిగా నడిచే పాట చేస్తే అమ్ముడుపోయారన్నారు. 1988 ఆల్బమ్‌లో బేస్ గిటార్ వినపడటం లేదన్నారు (నిజంగానే వినపడదు). 1991లో నల్ల అట్టతో వచ్చిన ఆల్బమ్ కోట్లలో అమ్ముడైతే, అమ్ముడైందనే అలిగారు. 1996లో జుట్టు కత్తిరించుకుంటే దానికీ అలక. 2000లో మాత్రం బ్యాండే అభిమానుల మీదికి వెళ్ళింది: తమ పాటలు ఉచితంగా పంచుకుంటున్నారని నాప్‌స్టర్ మీద దావా వేసి, 3 లక్షలకు పైగా వాడకందారుల పేర్ల జాబితా ఆ కంపెనీకి అప్పజెప్పింది. కాబట్టి 2003లో జనం ఆ క్యాసెట్‌ను ఖాళీ మనసుతో వినలేదు. ఆ మాట ముందే ఒప్పేసుకుందాం.

లోపలి పరిస్థితి అంతకన్నా ఘోరం. 2001 జనవరిలో బేసిస్టు జేసన్ న్యూస్టెడ్ వెళ్ళిపోయాడు. మిగిలిన ముగ్గురూ శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రెసిడియో అనే పాత సైనిక స్థావరంలో రికార్డింగ్ మొదలుపెట్టారు. కొన్ని నెలలకే గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ తాగుడు మానిపించే చికిత్సకు వెళ్ళాడు. తిరిగొచ్చాక ఆయన షరతు, రోజూ మధ్యాహ్నం 12 నుంచి 4 వరకే పని. నాలుగు కొట్టాక మిగతావాళ్ళు తను లేనప్పుడు ఆ రికార్డింగులు వినడం కూడా ఆయనకు నచ్చదు. వాళ్ళ మధ్య మాటలు కలపడానికి ఫిల్ టౌల్ అనే కోచ్‌ని పెట్టుకున్నారు. ఆయన ఫీజు నెలకు 40 వేల డాలర్లు. కొన్నాళ్ళకు ఆయన పాటల మాటల్లోనూ సలహాలివ్వబోయాడు. ఈ ఒక్క ముక్క చూడటానికైనా ఆ సినిమా చూడొచ్చు.

ఇక ఆ డబ్బా సంగతి. స్నేర్ డ్రమ్ము కింది తోలుకి ఆనుకుని సన్నటి స్ప్రింగు తీగలు వరసగా ఉంటాయి. పక్కన చిన్న మీట. మీట వేస్తే తీగలు తోలును పట్టుకుంటాయి, దెబ్బ ‘ఛట్’మని తెగిపడుతుంది. మీట తీసేస్తే తీగలు వదులై, డ్రమ్ము బోర్లించిన బిందెలా ‘టంగ్’మని మోగి, ఆ మోత వెంటనే ఆగదు కూడా. డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ ఒకరోజు మీట వెయ్యడం మరిచిపోయాడు. తర్వాత రికార్డింగ్ విన్నప్పుడు ఆ మోత ఆయనకు నచ్చింది. అలాగే ఉంచేశారు. డప్పును మంట దగ్గర కాచకుండా ఊరేగింపు మొదలుపెట్టారనుకోండి. సాంకేతికంగా అది వేరే లోపమే గానీ, వినేవాడి చెవికి కలిగే చిరాకు మాత్రం దీనికి దగ్గరి చుట్టమే. అలా 11 పాటలు, 75 నిమిషాలు. గిటారిస్టు కర్క్ హామెట్ సోలో ఒక్కటీ లేదు.

విమర్శకులు రెండుగా చీలారు. ‘రోలింగ్ స్టోన్’ ఐదుకి నాలుగు నక్షత్రాలిచ్చింది. ‘పిచ్‌ఫోర్క్’ పదికి 0.8 ఇచ్చింది, ఆ సున్నా పక్కన చుక్క పెట్టి ఎనిమిది వెయ్యడంలో ఉన్న కసిని గమనించండి. అమెరికాలో మొదటి వారమే 4 లక్షలకు పైగా కాపీలు అమ్ముడై ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడు టైటిల్ పాటకు గ్రామీ కూడా వచ్చింది. మెచ్చుకున్నవాళ్ళ రాతల్లో మళ్ళీమళ్ళీ కనిపించే మాటలు: పచ్చితనం, ధైర్యం, నిజాయితీ. ఇంత డబ్బున్నవాళ్ళు ఇంత గరుకుగా రికార్డు చెయ్యడం, గాయాన్ని కప్పుకోకుండా చూపించడం గొప్పే కదా అన్నారు.

నిజాయితీ అన్న మాట సమీక్షలో కనిపిస్తే నాకు అనుమానం మొదలవుతుంది. కవితా సంపుటాల ముందుమాటలు ఏడాదికి వంద చదివే ఉద్యోగం నాది. పద్యం గురించి చెప్పడానికి ఏమీ దొరకనప్పుడు కవి నిజాయితీ గురించి రాస్తాం. నేనూ రాశాను. మొహమాటానికి అంతకన్నా మర్యాదైన పేరు దొరకదు. హెట్‌ఫీల్డ్ బాధ నిజమే, సందేహం లేదు. ఆ బాధ ‘టంగ్’మని ఎందుకు మోగాలన్నదానికి అందులో జవాబు లేదు.

అభిమాని ఆ మొహమాటం పెట్టుకోలేదు. వాడు వేలు పెట్టి చూపించాడు: ఇదిగో ఇక్కడ, ఈ డ్రమ్ము. ఇక్కడ సోలో ఉండాలి, లేదు. ఈ పాట నాలుగో నిమిషంలో అయిపోయింది, మీరు ఇంకో మూడు నిమిషాలు లాగారు. మంచి విమర్శకు కావలసిన సరుకంతా ఇందులో ఉంది. సోలోల విషయంలో అభిమాని మాటే లోపల హామెట్ కూడా అన్నాడు. సోలోలు తీసేస్తే ఈ ఆల్బమ్ ఈ రెండేళ్ళ ఫ్యాషన్‌కి కట్టుబడిపోయి త్వరగా పాతబడుతుందని సినిమాలో వాదిస్తాడు. వినలేదు. పాతబడింది.

అయితే తప్పు ఎక్కడుందో చెప్పగలిగిన అభిమాని, ఎవరిదో చెప్పబోయి బోర్లా పడ్డాడు. నేరమంతా నిర్మాత బాబ్ రాక్ నెత్తిన వేసి, ఆయన్ని తీసెయ్యమని 1500 మంది దాకా సంతకాలు పెట్టి అర్జీ తయారుచేశారు. 1991 ఆల్బమ్‌ని అంత నిండుగా మోగించింది ఆ చెయ్యే. 12 ఏళ్ళలో ఆయన చెవి చెడిందా?

నాకు తోచిన కారణం వేరు. రికార్డింగ్‌లో నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు కాదు. మన పరిభాషలో సంపాదకుడు. అద్దం అవతల కూర్చుని, ఇది బాగా రాలేదు, మళ్ళీ కొట్టు అనేవాడు. న్యూస్టెడ్ వెళ్ళిపోవడంతో బేస్ వాయించేవాడు లేక, బాబ్ రాక్ బేస్ గిటార్ భుజాన వేసుకుని అద్దం ఇవతలికి వచ్చేశాడు. వాళ్ళతోపాటు మాటలు రాశాడు, కోచ్ ముందు జరిగే పంచాయితీల్లోనూ కూర్చున్నాడు. విడిపోయేలా ఉన్న ముగ్గురిని ఒక గదిలో నిలబెట్టడమే అప్పటికి ఆయన పని. ఆ పని చేశాడు కూడా. దాని ఖరీదుగా అద్దం అవతలి కుర్చీ ఖాళీ అయింది. గంటల తరబడి వాయించినదాన్ని కంప్యూటర్‌లో ముక్కలుగా కోసి అతికించారు. కోసినదాన్ని పారేసేవాడు లేడు. ఎవరి ముక్క తీసేసినా ఎవరికో నొప్పి తగులుతుంది మరి. నొప్పి తగలకుండా చూసుకోవడానికే నెలకు 40 వేలు ఇస్తున్నారు. రాతప్రతిలో పేజీలు తగ్గిస్తే రచయిత అలిగి ఫోన్ ఎత్తడం మానేసిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఆ అలక భయంతో ఊరుకున్న సందర్భాలూ ఉన్నాయి. అచ్చయిన ఆ పుస్తకాలు ఇప్పటికీ అలమారలోంచి నన్ను చూస్తుంటాయి.

ఆ సినిమాలో ఒకే ఒక్క మనిషి కొట్టెయ్యమన్నాడు. లార్స్ తండ్రి టోర్బెన్ ఉల్రిక్. డెన్మార్క్ తరఫున డేవిస్ కప్ ఆడిన టెన్నిస్ ఆటగాడు, జాజ్ సంగీతం గురించి రాసినవాడు, బొడ్డుదాకా తెల్లటి గడ్డం. కొడుకు ఎంతో ఆశగా ఒక ముక్క వినిపిస్తాడు. ఆయన కాసేపు ఆలోచించి, నన్నడిగితే దీన్ని తీసేస్తానని చల్లగా చెబుతాడు. లార్స్ ముఖం చూడాలి. మన భాషలో కొట్టడానికీ కొట్టెయ్యడానికీ మధ్య ఉన్నది ఒక్క క్రియే. డ్రమ్ము కొట్టేవాడికి కొట్టెయ్యమని చెప్పగలవాడు ఇంట్లోంచే రావలసివచ్చింది, అదీ ఆరోజు ఒక్కపూటే.

విచిత్రమేమిటంటే పాటలు చెడ్డవి కావు. ఆల్బమ్‌తోపాటు ఇచ్చిన డీవీడీలో కొత్త బేసిస్టు రాబర్ట్ ట్రుహియోతో కలిసి అవే పాటలు రిహార్సల్ చేశారు. రికార్డుకన్నా అదే మేలని అప్పుడే చాలామంది అన్నారు. 2018లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సేవా కార్యక్రమం కోసం చివరి పాట ‘ఆల్ వితిన్ మై హ్యాండ్స్’ని అకూస్టిక్ గిటార్లతో పాడారు. రికార్డులో ఎనిమిది నిమిషాల పైచిలుకు అరుపులుగా విన్న ఆ పాటలో అంత దిగులు ఉందని, నాకైతే అప్పటిదాకా తెలీదు. డబ్బా మోత పోయింది, పాట మిగిలింది. హెట్‌ఫీల్డ్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు, ఆ రేకు మోత కాస్త తగ్గితే బాగుండేదని. అయితే చరిత్ర కాబట్టి మార్చనన్నాడు. లార్స్ మాత్రం ఇప్పటికీ తన డ్రమ్మునే సమర్థించుకుంటాడు. 2008లో నిర్మాతను మార్చి ‘డెత్ మాగ్నెటిక్’ చేశారు. సోలోలు తిరిగొచ్చాయి, స్నేర్ తిరిగొచ్చింది, ఈసారి శబ్దం మరీ పిండేసి చెవులు పగలగొట్టారని ఇంకో అర్జీ.

2011 అక్టోబర్ 30న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్ళ కచేరీకి హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్ళిన గుంపులో నేనూ ఉన్నాను. రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో కచేరీ రద్దయి జనం స్టేజీ విరగ్గొట్టారన్న వార్తతో, ఇది కూడా జరగదేమోనన్న బెంగతోనే రైలెక్కాం. జరిగింది. 1984 పాటకి, అదే ఒకప్పుడు అమ్ముడుపోయారనిపించిన ‘ఫేడ్ టు బ్లాక్’కి, వేలమంది గొంతు కలిపారు. ‘సెయింట్ యాంగర్’ నుంచి ఒక్క పాటా లేదు. ఎవరూ అడగలేదు కూడా. నేను అడుగుదామనుకున్నాను; పక్కనున్నవాళ్ళ టీషర్టులు చూసి ఊరుకున్నాను.

మా ఆఫీసులో ప్రూఫులు దిద్దే కుర్రాడు ఈ ఆల్బమ్ పుట్టిన ఏడే పుట్టాడు. ఈ సంపాదకీయం మొదటి ప్రూఫు దిద్దాక, నా హెడ్‌ఫోన్స్ అడిగి తీసుకుని వెళ్ళి విన్నాడు. అరగంటకి తిరిగొచ్చాడు.

“డ్రమ్ముకేం సార్, బాగానే ఉంది. కొత్తగా ఉంది.”

“మరి అప్పుడే వచ్చేశావేం?”

“ఎంతసేపండీ బాబూ ఒక్కోటీ,” అని, నా చేతిలో ప్రూఫు పెట్టి వెళ్ళిపోయాడు. మూడో పేజీలో రెండు పేరాలకి పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి, పక్కన చిన్న ప్రశ్నార్థకం వేశాడు. ఒకటి తీసేశాను.